పోర్ట్రెయిట్ ఫోటోగ్రాఫరుకు బ్రిటన్‌లో ఫోటోగ్రఫీ సంస్థల గుర్తింపు పత్రం ఎంతవరకు అవసరం?

ప్రశ్న (లెస్టర్, సొంతూరు తిరుపతి)

అన్నలకు, అక్కలకు నమస్కారం. గాంధీ రోడ్డులోని మా నాన్నగారి స్టూడియోలో తొమ్మిదేళ్లు పనిచేశాను. కొండ దిగి వచ్చిన కుటుంబాలను గుండ్లతోనే వరుసగా కూర్చోబెట్టి ఫోటోలు తీయడం, ఓణీల ఫంక్షన్లకు ఆల్బములు చేయడం నా పని. మావారి ఉద్యోగం వల్ల డిపెండెంట్ వీసాపై వచ్చి మూడు నెలలైంది. పేరు పక్కన ఫోటోగ్రఫీ సంస్థలు ఇచ్చే గుర్తింపు అక్షరాలు లేనిదే ఇక్కడ పని దొరకదని ఒకరు చెప్పారు. నిజమేనా?

జవాబు (బర్మింగ్‌హామ్, సొంతూరు చిత్తూరు)

చెల్లెమ్మా, ఈ దేశంలో ఫోటోగ్రాఫరుగా పనిచేయడానికి ఏ లైసెన్సూ అక్కరలేదు. ముందు వీసా సంగతి చూడాలి: స్టూడెంట్ వీసాపై ఉన్నవారు స్వయం ఉపాధి చేయకూడదు, డిపెండెంట్‌గా మీరు చేయవచ్చు. 2014లో నేను ఒక దుకాణం పై అంతస్తులో గది అద్దెకు తీసుకున్నప్పుడు, ఫోటోగ్రఫీ సంస్థ ఇచ్చిన, ఫ్రేము కట్టించిన నా అసోసియేట్ గుర్తింపు పత్రాన్ని ఎంతో గర్వంగా ఓనరుకు చూపించాను. ఆయన దానివైపు చూడకుండానే పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ (మన పని వల్ల ఇతరులకు గాయమో నష్టమో జరిగితే పరిహారం చెల్లించే బీమా) కాగితం అడిగారు. అది చేతికి వచ్చేదాకా తాళం ఇవ్వలేదు. ఖాళీ చేసేటప్పుడు, బ్యాక్‌గ్రౌండ్ తెర కోసం గోడకు వేసిన నాలుగు రంధ్రాలను సాకుగా చూపి, మూడు నెలల అడ్వాన్సులో ఒక్క పౌండు కూడా తిరిగి ఇవ్వలేదు. అద్దె ఇళ్లకు ఉండే డిపాజిట్ రక్షణ వ్యాపార స్థలాలకు వర్తించదని నాకు అప్పుడే తెలిసింది. మీ మొదటి డబ్బు ఇన్సూరెన్సుకే పెట్టండి.

జవాబు (రీడింగ్, సొంతూరు తిరుపతి)

అన్నగారు చెప్పింది నిజమే కానీ, అమ్మాయి అడిగింది గది గురించి కాదు. 1853లో ఏర్పడిన రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఇచ్చే తొలి మెట్టు గుర్తింపు లైసెన్షియేట్‌కు పది ఫోటోలు, దాని పై మెట్టు అసోసియేట్‌కు పదిహేను ఫోటోలతోపాటు వాటి ఉద్దేశాన్ని వివరించే చిన్న వ్యాసం సమర్పించాలి. ఔత్సాహికులు కూడా దీనికి ప్రయత్నించవచ్చు కాబట్టి దీనిని వృత్తి అనుమతిగా భావించకూడదు. అయినా నేను దీనికి విలువ ఇస్తాను. నేను మొదట పంపిన పది ఫోటోలు పరిశీలనలో నెగ్గలేదు; విడివిడిగా బాగున్నా, అన్ని ముఖాలపైనా వెలుగు ఒకే తీరుగా పడిందని పరిశీలకులు చెప్పిన మాట, డబ్బిచ్చి మెచ్చుకునే ఏ కస్టమరూ నాకు చెప్పలేదు.

జవాబు (బర్మింగ్‌హామ్)

తమ్ముడూ, ఆ మాట మంచి గురువు దగ్గరా దొరుకుతుంది. ఇన్నేళ్లలో నా అక్షరాలకు అర్థమేమిటని అడిగిన కస్టమరు ఒక్కరూ లేరు. వారి పిల్లల మేని ఛాయ ఉన్నదున్నట్టు వస్తుందా అనే అడుగుతారు.

జవాబు (రీడింగ్)

ఊరంతా తెలిసిన స్టూడియో వారసురాలికి తిరుపతిలో సర్టిఫికెట్ అక్కరలేదు. ఎవరికీ తెలియని ఊళ్లో, తెలుగువారు కాని కస్టమరు ముందు, మొదటి రెండేళ్లూ అది పరిచయ వాక్యంలా ఉపయోగపడుతుంది.

జవాబు (మాంచెస్టర్, సొంతూరు చిత్తూరు)

అమ్మా, ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోపై హక్కు తీయించుకున్నవారిదే. ఇక్కడ 1988 చట్టం ప్రకారం హక్కు తీసినవారిదే అయినా, ఇంటి అవసరానికి తీయించుకున్న ఫోటోను తీయించుకున్నవారి సమ్మతి లేకుండా ప్రదర్శించకూడదని సెక్షన్ 85 చెబుతోంది. అందువల్ల మీ తిరుపతి ఫోటోలను ఏ సంస్థకైనా పంపేముందు ఆ కుటుంబాలకు ఫోన్ చేసి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఇక్కడి ఆర్డరు ఫారంలో ఆ సమ్మతి కోసం విడిగా ఒక సంతకం గడి పెట్టండి.