ఐబీ ఇంగ్లిష్ లిటరేచర్ ఓరల్: కథ చెప్పేస్తున్నారు, విశ్లేషణ రావడం లేదు

ప్రశ్న

ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) డిప్లొమాలో ‘ఇంగ్లిష్ A: లిటరేచర్’ తీసుకున్న పిల్లల్ని ఇండివిడ్యువల్ ఓరల్ అనే మౌఖిక పరీక్షకి తయారు చేయాలి. పది నిమిషాలు విద్యార్థి మాట్లాడాలి, ఆ తర్వాత ఐదు నిమిషాలు టీచర్ ప్రశ్నలు. రెండు రచనలు ఉండాలి: ఒకటి ఇంగ్లిష్‌లోనే రాసింది, ఇంకొకటి అనువాదం. ఎక్కువమంది జేన్ ఆస్టెన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’, ఇబ్సెన్ నాటకం ‘ఎ డాల్స్ హౌస్’ ఎంచుకున్నారు. ప్రాక్టీసులో కథ చెప్పుకుంటూ పోతున్నారు. ఆపి "ఇక్కడ రచయిత ఏం చేశారు?" అంటే "మెటఫర్ వాడారు" అని ఊరుకుంటున్నారు. గ్లోబల్ ఇష్యూ (రెండు రచనల్నీ కలిపి చూపించే, ఎక్కడైనా వర్తించే సమస్య) ఏమిటంటే అందరిదీ "జెండర్". రెండో రచనకి వచ్చేసరికి టైం అయిపోతోంది. రెండు నెలలు ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు 1

గ్లోబల్ ఇష్యూ దగ్గరే మొదలుపెట్టండి. అది సరిగ్గా కుదరకపోతే మిగతా పనంతా వృథా. "జెండర్" అనేది ఇష్యూ కాదు, ఒక పెద్ద విషయం పేరు. దాని మీద పది నిమిషాలు మాట్లాడమంటే ఎవరైనా కథే చెబుతారు. ఎవరు ఎవరిని ఏం చేస్తున్నారో ఒక్క వాక్యంలో రాయించండి. ఉదాహరణకి: "పెళ్లి విషయంలో డబ్బు పురుషుడి చేతిలో ఉండడం వల్ల స్త్రీ మాటకి విలువ లేకుండా పోవడం." ఇది ఏ దేశంలోనైనా ఉంది, మన ఇళ్లలోనూ ఉంది. ముఖ్యంగా, ఆ రెండు పుస్తకాల్లోనూ వాక్యాల్లో వేలు పెట్టి చూపించొచ్చు.

తర్వాత ఎక్స్‌ట్రాక్ట్, అంటే ఒక్కో రచననుంచి ఎంచుకునే చిన్న భాగం. ఒక్కోటి 40 లైన్లు మించకూడదు. 40 అనేది పరిమితి మాత్రమే, నింపి తీరాలని లేదు. పిల్లలు కథలో పెద్ద మలుపు ఉన్న చోటు వెతుకుతారు. అక్కడ చెప్పడానికి సంఘటన ఎక్కువ, చూపించడానికి రాత తక్కువ. ‘డాల్స్ హౌస్’ అనగానే అందరూ చివర్లో తలుపు మూసిన సీన్‌కి పరిగెడతారు. మొదటి అంకం మొదట్లో చూడండి. కథానాయిక నోరా మాకరూన్‌లు (ఒక రకం తీపి బిస్కట్లు) తింటుంది, అడుగులో అడుగేసుకుంటూ భర్త గది తలుపు దగ్గరికి వెళ్లి వింటుంది. భర్త టోర్వాల్డ్ లోపలినుంచే ముద్దుపేర్లతో పలకరిస్తాడు. ఆమె మాకరూన్‌ల పొట్లం జేబులో దాచి, మూతి తుడుచుకుని, తను కొన్నవి చూడ్డానికి రమ్మని పిలుస్తుంది. అతను పనిలో ఉన్నానంటాడు. కొన్నవి అన్న మాట మీద మాత్రం తలుపు తీసి, చేతిలో కలంతో తొంగి చూస్తాడు.

ఇందులో విశ్లేషణ ఎలా పుడుతుందో పిల్లలకి బోర్డు మీద చేసి చూపించండి. రచయిత చేసింది: నోరా దాపరికాన్ని సంభాషణలో పెట్టకుండా రంగసూచనలో పెట్టడం. దాని ఫలితం: ఆమె దాస్తోందని ప్రేక్షకులకి తెలుసు, భర్తకి తెలియదు. ఇష్యూతో ముడి: తన ఇంట్లో తను తినే తిండి కూడా దాచుకోవలసిన మనిషికి డబ్బు మీద మాట ఎక్కడుంటుంది? ఈ మూడూ ప్రతి పాయింటులోనూ ఉండాలి. "మెటఫర్ వాడారు" అని ఆగిపోయే పిల్లకి రెండోది, మూడోది అలవాటు కాలేదన్నమాట.

అనువాద రచనలో ఒక జాగ్రత్త. అంత్యప్రాస, అక్షరాల మోత లాంటివి అనువాదకుడివి కావచ్చు. వాటి మీద పాయింటు నిలబెట్టకండి. రంగసూచనలు, ఎవరు ఎప్పుడు లోపలికొస్తారు, ఎవరి మాట ఎవరు తెగ్గొడతారు, ఏది మళ్లీ మళ్లీ వస్తుంది, వీటిని పట్టుకోమనండి.

జవాబు 2

పైన చెప్పినదానికి ఒప్పుకుంటూ, టైం సంగతి చెబుతాను. మార్కులు 40, నాలుగు క్రైటీరియాలకి తలా 10: అవగాహన, విశ్లేషణ, క్రమం, భాష. ఎస్‌ఎల్ (స్టాండర్డ్ లెవెల్) వాళ్లకి ఇది మొత్తంలో 30 శాతం, హెచ్‌ఎల్ (హయ్యర్ లెవెల్) వాళ్లకి 20. రెండు రచనల మధ్య సమతూకం తప్పితే దెబ్బ మూడో క్రైటీరియన్‌తో ఆగదు. రెండో రచన మీద చెప్పిందే తక్కువైతే మొదటి రెండిట్లో కూడా మార్కులు రావు.

నేను ఇచ్చే కొలత ఇది. పరిచయం 45 సెకన్లు. మొదటి ఎక్స్‌ట్రాక్ట్ రెండున్నర నిమిషాలు, ఆ రచన మొత్తం మీద రెండు. రెండోదానికీ అంతే. ముగింపుకి మిగిలేది 15 సెకన్లు, అది చాలు. ఐదు నిమిషాల పదిహేను సెకన్లకి రెండో పుస్తకం పేరు నోటినుంచి రావాలి. ప్రాక్టీసులో గడియారం విద్యార్థి ఎదురుగా పెట్టండి, అప్పటికి రాకపోతే ఆపి మళ్లీ మొదలుపెట్టించండి.

"రచన మొత్తం" అన్నది చాలామంది వదిలేస్తారు. ఎక్స్‌ట్రాక్ట్ అయ్యాక అదే పుస్తకంలో మరో రెండు చోట్లకి వెళ్లాలి. ఆస్టెన్‌లో 19వ అధ్యాయం తీసుకున్నారనుకుందాం. నాయిక ఎలిజబెత్‌ని పెళ్లాడతానని అడిగే బంధువు కాలిన్స్, తను పెళ్లి చేసుకోడానికి కారణాలు లెక్కపెట్టి ఒకటి, రెండు అని చెబుతాడు. ఆ పొడుగు వాక్యాల మధ్య ఎలిజబెత్‌కి నోరు విప్పే సందు ఉండదు. ఆమెకి వచ్చేది నాలుగు శాతం వడ్డీ మీద ఉన్న వెయ్యి పౌండ్లే అని, అదీ తల్లి పోయాకే అని గుర్తు చేస్తాడు. అక్కడినుంచి ఎలిజబెత్ తండ్రి తర్వాత వాళ్ల లాంగ్‌బోర్న్ ఆస్తి కాలిన్స్‌కే చెందుతుందన్న విషయానికి, ఆ తర్వాత 22వ అధ్యాయంలో ఎలిజబెత్ స్నేహితురాలు షార్లెట్ అతన్నే ఒప్పుకోవడానికి వెళ్లొచ్చు. ఒకే ఇష్యూ, ఒకరు కాదన్నారు, ఒకరు ఔనన్నారు.

ఓరల్ గదిలోకి తెచ్చుకునే ఔట్‌లైన్ ఫారంలో పది బుల్లెట్లే. రెండు రచనలకీ చెరి నాలుగు, మొదలు ఒకటి, చివర ఒకటి పెట్టించండి. వాక్యాలు రాయనివ్వకండి: వాక్యం రాస్తే చదువుతారు, చదివితే గొంతు చప్పబడిపోతుంది.

ప్రశ్న వేసినవారు

చాలా ఉపయోగంగా ఉంది, ధన్యవాదాలు. ఇంకో సందేహం. కొందరు మొత్తం రాసుకుని బట్టీ పడుతున్నారు. వద్దంటే భయపడుతున్నారు. ఆ ఐదు నిమిషాల ప్రశ్నలకి ఎలా తయారు చేయాలి?

జవాబు 3

బట్టీ పట్టినవాళ్లు దొరికిపోయేది ఆ ఐదు నిమిషాల్లోనే. పది నిమిషాలు గడగడా చెప్పి, "నోరా ఆ మాకరూన్‌ల పొట్లం టేబుల్ మీదే ఉంచితే సీన్ ఎలా మారేది?" అనగానే బిగుసుకుపోతారు. ఇంకో ప్రమాదం: మధ్యలో ఒక వాక్యం మరిచిపోతే తర్వాతది గుర్తురాదు.

భయం పోవాలంటే అసలు ఎక్స్‌ట్రాక్ట్ జోలికి పోకుండా, క్లాసులో చదివిన వేరే రచనల మీద చేయించండి. మొదటి మూడు వారాలు ఒక్క పాయింటే, నిమిషంన్నర, కాగితం లేకుండా. అదే పాయింటు మర్నాడు వేరే మాటల్లో చెప్పాలి. రెండుసార్లూ ఒకే మాటలు వస్తే అది బట్టీ. తర్వాత ఒక ఎక్స్‌ట్రాక్ట్, ఐదు నిమిషాలు. పూర్తి పదిహేను నిమిషాలది ఆఖరి రెండు వారాల్లో, అదీ ఓరల్‌కి వాడని రచనల మీదే.

ప్రశ్నలు ముందే చెప్పకూడదు, ప్రశ్నల రకాలు అలవాటు చేయొచ్చు. "ఇంకాస్త వివరించు", "దీనికి ఎదురు వాదన ఏమిటి", "రెండో రచయిత దీన్నే వేరేగా ఎందుకు చెప్పారు" లాంటివి. పిల్లల్నే జంటలుగా కూర్చోబెట్టి ఒకరినొకరు అడగమనండి. అడగడం నేర్చుకున్నవాళ్లకి జవాబివ్వడం త్వరగా వస్తుంది. అసలు రోజున టీచర్‌గా మీ వంతు: ఔనూ కాదూ అనే జవాబు వచ్చే ప్రశ్న వేయకండి. విద్యార్థి ఏ రచన మీద తక్కువ మాట్లాడితే దాని మీదే మొదటి ప్రశ్న వేయండి. అక్కడ మార్కులు తిరిగి దొరుకుతాయి.

ఇంకో సంగతి, ఓరల్‌కి వాడిన రచనలు పేపర్ 2 (రాతపరీక్ష)లో గానీ, హెచ్‌ఎల్ వాళ్లు రాసే వ్యాసంలో గానీ వాడకూడదు. పుస్తకాలు ఎంచుకునే ముందే పిల్లలకి చెప్పండి. గదిలోకి తెచ్చే ఎక్స్‌ట్రాక్ట్ కాపీల మీద గీతలు, రాతలు ఉండకూడదు కాబట్టి, ప్రాక్టీసు కూడా శుభ్రమైన కాపీలతోనే చేయించండి. రంగు రంగుల గీతల మీద ఆధారపడ్డ కళ్లకి ఆ రోజు తెల్ల కాగితం మీద లైను దొరకదు. లైన్ నంబర్లు వేసిన కాపీ తెచ్చుకోమనండి, "లైన్ 12లో" అని చెబుతుంటే మోడరేటర్‌కి (మీరు వేసిన మార్కుల్ని సరిచూసే ఐబీ పరీక్షకుడికి) వెతుక్కునే పని ఉండదు.