అప్‌డేట్: రెండు డేటాసెంటర్లకు ట్రాఫిక్ పంచాం, మొదటి టెస్ట్ ఫెయిల్

పోయిన నెల అడిగింది నేనే: మా చేపల ఆర్డర్ల సైట్ మొత్తం ముంబై డేటాసెంటర్ మీదే నడుస్తోంది, హైదరాబాద్‌లో ఇంకోటి పెడితే ట్రాఫిక్ ఎలా పంచాలి అని. మీరు చెప్పినట్టే డీఎన్ఎస్ (సైట్ పేరుకి సర్వర్ ఐపీ అడ్రస్ చెప్పే వ్యవస్థ) దారి పట్టాం: ఒక సెంటర్ పడిపోతే రెండోదాని అడ్రస్ ఇస్తుంది.

టీటీఎల్ (ఆ అడ్రస్‌ను ఎంతసేపు గుర్తుపెట్టుకోవచ్చో చెప్పే గడువు) 3600 సెకన్ల నుంచి 60కి తగ్గించి, ఆదివారం అర్ధరాత్రి విశాఖ ఎంవీపీ కాలనీ ఆఫీసులో కూర్చుని ముంబై డేటాబేస్‌ను కావాలనే ఆపాం. ట్రాఫిక్ కదల్లేదు! సగం మందికి ఎర్రర్లు, డ్యాష్‌బోర్డు మాత్రం పచ్చగా ఉంది. చూస్తే హెల్త్ చెక్ (సర్వర్ బాగుందా అని చూసే పరీక్ష) 443 పోర్టు (సైట్ కనెక్షన్లు వచ్చే ద్వారం) తెరిచి ఉందా అని మాత్రమే అడుగుతోంది. తలుపు తీసుంది సరే, ఇంట్లో మనిషున్నాడా అని చూడట్లేదన్నమాట. ఇప్పుడు డేటాబేస్‌లో చిన్న క్వెరీ నడిచి జవాబొస్తేనే ఓకే అంటుంది.

రెండోసారి రెండు మూడు నిమిషాల్లో చాలామంది హైదరాబాద్‌కి మారారు. కొందరు ఇరవై నిమిషాలు పాత ఐపీనే పట్టుకు వేలాడారు. కొన్ని రిజాల్వర్లు (యూజర్ల తరఫున డీఎన్ఎస్‌ని అడిగే సర్వర్లు) టీటీఎల్‌ను లెక్కచేయవు.

హైదరాబాద్‌లోని డేటాబేస్ కాపీని ప్రైమరీ (కొత్త ఆర్డర్లు రాసుకునే అసలు డేటాబేస్) చేయడం మాత్రం చేత్తోనే. మధ్యలో లింకు తెగి రెండూ ప్రైమరీలైపోతే ఆర్డర్ల లెక్క తేలదు. విశాఖలో 2014 హుద్‌హుద్ తుఫాను చీకటి చూసినవాళ్లం కదా, ఇక్కడ కరెంటు పోయినా పని ఆగకుండా ఆ మార్పు చేసే యాక్సెస్ హైదరాబాద్‌లో ఉండే కొలీగ్‌కి కూడా ఇచ్చాం.