ఘిర్లాండాయో ముసలాయన చూపులో ఉన్నది ప్రేమేనా?

కుంచె:
పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న ఈ బొమ్మను మీలో చాలామంది చూసే ఉంటారు. ఫ్లారెన్స్ చిత్రకారుడు డొమెనికో ఘిర్లాండాయో 1490 ప్రాంతంలో చెక్క పలక మీద వేశాడు. ఎర్ర దుస్తుల్లో ఒక ముసలాయన, ముక్కు నిండా బుడిపెలు. ఆయన్ని ఆనుకుని, ఉంగరాల జుట్టు పిల్లవాడు తలెత్తి చూస్తున్నాడు. అందరూ "తాతా మనవళ్ల ప్రేమ" అంటారు. నేను ఒప్పుకోను. వాళ్ల పేర్లే తెలియవు, ఆ వరస మనం కలిపిందే. పైగా స్టాక్‌హోమ్ నేషనల్ మ్యూజియంలో ఇదే ముసలాయన కళ్లు మూసుకుని ఉన్న డ్రాయింగ్ ఉంది. మరణశయ్య మీద ఉండగానో, పోయాకో గీసిందని పండితులు చాలామంది అంటారు. అంటే ఇది ఇంటివాళ్ల కోసం వేసిన జ్ఞాపకచిత్రం. అందులో కనిపించే ప్రేమ మనం ఊహించుకున్నదే.

నల్లరేగడి:
కుంచె గారూ, జ్ఞాపకచిత్రమే అనుకుందాం. జ్ఞాపకచిత్రం ఎలా ఉంటుందో ఘిర్లాండాయో చేతిదే ఇంకొకటి చూడండి. ఫ్లారెన్స్‌లో ఒక సంపన్న కుటుంబపు కోడలు జొవాన్నా టోర్నబువోని 1488లో చనిపోయింది. మాడ్రిడ్‌లో ఉన్న ఆమె చిత్రం మీద కూడా అదే సంవత్సరం ఉంది, పోయాకే వేశాడని ఎక్కువమంది నమ్మకం. పక్కనుంచి కనిపించే ముఖం, నిటారు మెడ, ఎవరినీ చూడని చూపు. వెనక గోడ మీది లాటిన్ పద్యంలో, కళ ఆమె నడతనూ మనసునూ కూడా చూపగలిగితే ఎంత బాగుండేదో అన్న బాధ ఉంది. ఈ ముసలాయన్నీ అలాగే కూర్చోబెట్టవచ్చు కదా? పెట్టలేదు. తల వంచాడు, కళ్లు కిందికి దించాడు, ఎదురుగా పిల్లవాణ్ణి నిలబెట్టాడు. ఇవి మన ఊహలు కావు, ఆయన కావాలని చేసినవి.

పిల్లవాడి చెయ్యి కూడా చూడండి. ముసలాయన గుండెల మీద ఉంది. అంత చిన్న చెయ్యి అక్కడ లేకపోతే నేనూ మీ మాటే అనేదాన్ని.

తెలిమంచు:
నేను చర్మవ్యాధుల క్లినిక్‌లో పని చేస్తాను. ఆ ముక్కు జబ్బును రైనోఫైమా అంటారు. ఇది ఉన్నవాళ్లు మాట్లాడుతూ ముఖం పక్కకు తిప్పేసుకోవడం నేను చాలాసార్లు చూశాను, పిల్లలు ఎదురుగా ఉంటే మరీను. ఉర్బినో ప్రభువు ఫెడెరికోకు కుడికన్ను లేదు. అందుకే పియెరో డెల్లా ఫ్రాంచెస్కా ఎడమవైపు నుంచే వేశాడు. ఇక్కడ దాచడం లేదు. దాపరికమే అవసరం లేని పిల్లవాడి లేత ముఖాన్ని పక్కనుంచి చూపించి, ముసలాయన ముఖాన్ని మనవైపు తిప్పాడు. పిల్లవాడు ఆ ముఖాన్నే చూస్తున్నాడు, ఈయన తిప్పుకోవడం లేదు. నాకు ఈ బొమ్మలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. కిటికీలోంచి కనిపించే పచ్చని గుట్టను బాల్యమనీ, వెనక బోడికొండను ముసలితనమనీ కొందరు చెబుతారు. ఉండొచ్చు, నా చూపు మాత్రం అంతదూరం పోదు.

కుంచె:
జొవాన్నా పోలిక నాకు తట్టలేదు, ఆ వాదన బలమైనదే. ముసలాయన విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పిల్లవాడి విషయంలో మాత్రం కాదు. ఆ ముఖంలో నవ్వు లేదు, బెరుకూ లేదు. మూసిన కళ్ల డ్రాయింగ్ గుర్తొచ్చినప్పుడల్లా, చెయ్యి వేసి తాతను లేపుతున్నట్టే ఉంటాడు నాకు.