కండోమ్ ఒక్కటే సరిపోతుందా? మా ఆయన సెలవు మీద వస్తున్నారు

పాప_వాళ్లమ్మ:
మాది జగిత్యాల దగ్గర పల్లె. మా ఆయన దుబాయ్‌లో పనిచేస్తారు, వచ్చే నెల సెలవు మీద వస్తున్నారు. పాపకు ఎనిమిదో నెల. పెద్దాపరేషన్ అయింది కాబట్టి రెండేళ్లయినా గ్యాప్ ఉండాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. నాకు నెలసరి ఇంకా రాలేదు. పాలిస్తున్నంత కాలం కడుపు రాదని మా అత్తమ్మ ధీమా. మా ఆడపడుచేమో కండోమ్ వాడినా తనకు నెల తప్పిందని, దాన్ని అస్సలు నమ్మొద్దని అంటోంది. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఇంకొకటి అడగడానికి మొహమాటమే. ఏడాదికి పైగా దూరంగా ఉన్న మనిషి. ఆయన మీద అనుమానమని కాదు గానీ, జబ్బులు రాకుండా కండోమ్ ఎంతవరకు కాపాడుతుంది?

మందుల_షాపు:
నాకు మెడికల్ షాపు ఉందమ్మా. చిరిగిపోయిందని వచ్చేవాళ్లను అడిగితే ఎక్కువగా రెండే సంగతులు బయటపడతాయి. ఒకటి, పర్సులోనో బండి డిక్కీలోనో నెలల తరబడి ఎండకు పెట్టడం. రెండోది కొబ్బరినూనె, వాజిలిన్ రాయడం. నూనె తగిలితే రబ్బరు నిమిషాల్లోనే బలహీనపడుతుంది. నీటితో చేసిన జెల్ అడిగి తీసుకోండి. గడువు తేదీ చూడండి. రెట్టింపు భద్రత అనుకుని రెండు కలిపి తొడగొద్దు, ఒకదానికొకటి రాసుకుని చిరుగుతాయి.

స్టాఫ్‌నర్స్_అక్క:
చెల్లీ, నేను ప్రభుత్వాసుపత్రి ప్రసూతి వార్డులో చాలా ఏళ్లు పనిచేశాను. ముందు మీ అత్తమ్మ మాట చూద్దాం. పాలివ్వడం వల్ల గర్భం ఆగే మాట నిజమే. కానీ బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, తల్లిపాలు తప్ప ఇంకేమీ పెట్టకూడదు, నెలసరి మొదలవకూడదు. మూడూ ఉంటేనే ఆ ధీమా. మీ పాప ఈపాటికి ఉగ్గు తింటూ ఉంటుంది. పైగా నెలసరి కంటే ముందే అండం విడుదలవుతుంది. కాన్పు తర్వాత ఒక్కసారి కూడా బయట చేరకుండానే మళ్లీ నెల తప్పిన తల్లులు మా దగ్గరికి వచ్చేవాళ్లు. పెద్దాపరేషన్ కుట్టు మీద అంత తొందరగా ఇంకో కాన్పు మంచిది కాదు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మీ ఆడపడుచు అబద్ధం చెప్పలేదు. వంద జంటలు ఏడాదంతా ప్రతిసారీ పద్ధతిగా కండోమ్ వాడితే ఇద్దరికి గర్భం వస్తుంది. మామూలుగా జనం వాడే తీరులో 13 మందికి వస్తుంది. ఇది ఏడాది మొత్తానికి లెక్క, ఒక్క రాత్రికి కాదు. ఆ మిగతా పదకొండు మందీ ఎక్కడ దెబ్బతింటారంటే, 'ఈ ఒక్కసారికి ఏం కాదులే' అనే రోజు, సగంలో తొడిగే రోజు. మొదటి స్పర్శకు ముందే తొడగాలి. కొస నొక్కి గాలి తీసేయాలి. అయిపోగానే, అంగం గట్టిగా ఉండగానే, మొదలు దగ్గర పట్టుకుని బయటికి తీయాలి. పాలిచ్చే తల్లులకు యోని పొడిగా ఉంటుంది, ఆ రాపిడికి చిరగొచ్చు. షాపు అన్న చెప్పిన జెల్ మీకు నిజంగా అవసరం.

జబ్బుల సంగతి అన్నిటికీ ఒకేలా ఉండదు. హెచ్‌ఐవీ, గనేరియా లాంటివి ద్రవాల ద్వారా వస్తాయి. వాటిని కండోమ్ బాగా అడ్డుకుంటుంది. ఒకరికి హెచ్‌ఐవీ ఉన్న జంటలను పరిశీలిస్తే, ప్రతిసారీ వాడినవాళ్లలో రెండోవారికి అంటడం సుమారు 80 శాతం తగ్గింది. హెర్పిస్, సిఫిలిస్, హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీసే వైరస్) మాత్రం చర్మం తగిలినా వస్తాయి. కండోమ్ కప్పని చోట పుండు ఉంటే రక్షణ తక్కువే. అందుకే ఇద్దరూ కలిసి పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీలో (హెచ్‌ఐవీ సలహా, పరీక్షల కేంద్రం) పరీక్ష ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు. ఈ మధ్యే భయపడే సందర్భం ఏదైనా ఉంటే మూడు నెలల తర్వాత మళ్లీ చేయించాలి. ఫోన్‌లో అడగాలంటే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097.

పాప_వాళ్లమ్మ:
అక్కా, చాలా థాంక్స్. పొరపాటున చిరిగితే ఏం చేయాలి? పరీక్ష మాట ఆయనతో ఎలా ఎత్తాలో కూడా తెలియట్లేదు.

సిరిసిల్ల_కోడలు:
మా ఆయన మస్కట్ నుంచి వచ్చినప్పుడు నేనే అడిగాను. 'కాన్పప్పుడు నాకు చేశారు, ఇప్పుడు ఇద్దరం కలిసి చేయించుకుందాం' అన్నాను. తనను నిలదీసినట్టు అనిపించలేదు కాబట్టి వెంటనే వచ్చారు. నేను ఫోన్‌లో ఎత్తలేదు. ఆయన ఇంటికొచ్చాక, పక్కన కూర్చుని అడిగాను.

స్టాఫ్‌నర్స్_అక్క:
చిరిగితే 72 గంటల్లోపు అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకోవాలి, ఎంత తొందరగా వేస్తే అంత మేలు. పాలిచ్చేవాళ్లూ వేసుకోవచ్చు. అయిదు రోజుల్లోపైతే గర్భసంచిలో పెట్టే కాపర్-టీ కూడా పనిచేస్తుంది. మూడు వారాల తర్వాత ఆశా కార్యకర్త దగ్గర కిట్ తీసుకుని మూత్రపరీక్ష చేసుకోండి.

అయితే మీకు ఇంత గ్యాప్ అవసరం కాబట్టి కండోమ్‌కు తోడు ఇంకొకటి పెట్టుకోమంటాను. 'అంతర' అనే గర్భనిరోధక ఇంజెక్షన్ మూడు నెలలకోసారి, 'ఛాయ' అనే గర్భనిరోధక మాత్ర, కాపర్-టీ ఇవన్నీ ప్రభుత్వాసుపత్రిలో ఉచితం, పాలిచ్చే తల్లులకూ పనికొస్తాయి. అవి జబ్బులను ఆపవు, కాబట్టి పరీక్షల ఫలితాలు వచ్చేదాకా కండోమ్ మానొద్దు. ఇంజెక్షన్ అనుకుంటే ఆయన రాకముందే వెళ్లండి. గర్భం లేదని చూసి వేస్తారు. వేసిన తర్వాత మొదటి ఏడు రోజులు దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.