ఛాంపియన్ బడ్డీ మెక్‌గర్ట్ గొప్పా, శిక్షకుడు బడ్డీ మెక్‌గర్ట్ గొప్పా?

ప్రశ్న:
బాక్సింగులో పేరుమోసిన ఛాంపియన్లు చాలామంది శిక్షకులుగా రాణించలేదు. ఇందుకు మినహాయింపు అనగానే నాకు గుర్తొచ్చేది అమెరికా బాక్సర్ బడ్డీ మెక్‌గర్ట్. 1988లో ఫ్రాంకీ వారెన్‌ను ఓడించి ఐబీఎఫ్ (ప్రపంచ టైటిళ్లు ఇచ్చే సంస్థల్లో ఒకటి) జూనియర్ వెల్టర్‌వెయిట్ (ఒక బరువు విభాగం) టైటిల్‌ను, 1991లో సైమన్ బ్రౌన్‌ను ఓడించి మరో సంస్థ డబ్ల్యూబీసీ వెల్టర్‌వెయిట్ టైటిల్‌ను గెలిచిన ఆయన, 2002లో అమెరికా బాక్సింగ్ రచయితల సంఘం ఇచ్చే ఉత్తమ శిక్షకుడి పురస్కారాన్నీ అందుకున్నారు. రింగులో గడించిన అనుభవమే ఆయనను మంచి శిక్షకుణ్ణి చేసిందా, లేక మంచి శిష్యులు దొరకడం వల్ల ఆ పేరు వచ్చిందా?

మొదటి సమాధానం:
అనుభవమే అంటాను. మెక్‌గర్ట్ మెరుపు వేగాన్ని నమ్ముకున్న బాక్సర్ కారు. ఎదుటివాడి కదలికను ముందుగా పసిగట్టి, అతను చెయ్యి చాచగానే లెఫ్ట్ హుక్‌తో (మోచెయ్యి వంచి పక్కనుంచి విసిరే ఎడమచేతి దెబ్బతో) బదులివ్వడం ఆయన పద్ధతి. అలా ఆలోచించి గెలిచినవారే తాము చేసినదాన్ని ఇతరులకు విడమరచి చెప్పగలరు. 1986లో తనను ఓడించిన వారెన్‌నే రెండేళ్లు తిరగకుండా 12వ రౌండులో నిలువరించి తొలి టైటిల్ గెలిచారు.

అయితే ఆయన శిక్షణకు అసలు పునాది ఒక ఓటమిలో ఉందని నా అభిప్రాయం. 1993 మార్చిలో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పెర్నెల్ విటేకర్‌తో తలపడేనాటికి ఆయన ఎడమ భుజం దెబ్బతిని ఉంది. దాదాపు కుడిచేతితోనే 12 రౌండ్లూ నెట్టుకొచ్చి, పాయింట్లపై టైటిల్ పోగొట్టుకున్నారు. పదేళ్ల తర్వాత, మికీ వార్డ్‌తో జరిగిన మూడో పోటీలో ఆయన శిష్యుడు ఆర్టురో గాటీ కుడిచెయ్యి 4వ రౌండులోనే దెబ్బతిన్నప్పుడు, ఒంటిచేత్తో పోరాడడమంటే ఏమిటో ఎరిగిన మనిషి గాటీ కార్నర్‌లో (రౌండ్ల మధ్య బాక్సర్ కూర్చునే, శిక్షకుడు ఉండే రింగు మూలలో) ఉన్నారు. గాటీ ఎక్కువగా ఎడమచేతిమీదే ఆధారపడి, 6వ రౌండులో కిందపడి లేచి మరీ, పాయింట్లపై గెలిచాడు. అదే గాటీని 2005లో ఫ్లాయిడ్ మేవెదర్ చితకబాదుతుంటే 6వ రౌండు ముగియగానే పోటీని ఆపించినదీ మెక్‌గర్టే.

రెండో సమాధానం:
పై అభిప్రాయంతో సగమే ఏకీభవిస్తాను. 2004లో రాయ్ జోన్స్‌ను 2వ రౌండులోనే పడగొట్టిన ఆంటోనియో టార్వర్ కార్నర్‌లో మెక్‌గర్ట్ ఉన్న మాట నిజమే కాని, టార్వర్ అప్పటికే ఒలింపిక్ కాంస్య విజేత. ఆ దెబ్బలో గురువు వాటా ఎంతో తేల్చడం కష్టం. కలబడి కొట్టుకోవడమే తెలిసిన గాటీకి పాదాలు కదుపుతూ జాబ్ (ముందు చేతిని చాచి వేసే సూటి దెబ్బ) వేయడం అలవాటు చేసిన ఘనత మాత్రం నిస్సందేహంగా ఆయనదే. అదైనా పూర్తిగా ఒంటబట్టలేదు సుమా! 2002 మేలో వార్డ్‌తో తొలి పోటీలో వేడెక్కేసరికి గాటీ మళ్లీ పాత దారే పట్టి, 9వ రౌండులో పక్కటెముకల కింద తగిలిన హుక్‌కు కూలబడి, చివరికి ఓడిపోయాడు.

ఇక పోటీని ఆపించే వివేకానికి ఛాంపియన్ అయి ఉండనక్కర్లేదు. 1975లో మనీలాలో మహమ్మద్ అలీతో పోటీలో జో ఫ్రేజియర్‌ను 15వ రౌండుకు లేవనివ్వని అతని శిక్షకుడు ఎడీ ఫచ్, గుండె సమస్య కారణంగా ప్రొఫెషనల్ బాక్సర్‌గా రింగులో అడుగే పెట్టలేదు. మెక్‌గర్ట్ అందుకున్న ఉత్తమ శిక్షకుడి పురస్కారం ఇప్పుడు ఆ ఫచ్ పేరుమీదే ఉంది.

మూడో సమాధానం:
ఇద్దరూ 2019ని వదిలేశారు. ఆ ఏడాది జూన్‌లో మెక్‌గర్ట్ అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు. జులైలో అమెరికాలోని మేరీలాండ్‌లో ఆయన శిష్యుడు, రష్యా బాక్సర్ మాక్సిమ్ దదాషెవ్ 11 రౌండ్లు దెబ్బలు తిని స్టూలు మీద కూర్చున్నప్పుడు, ఇక ఆపేద్దామని ఆయన బతిమాలారు; శిష్యుడు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు; అయినా ఆయన ఆపించారు. దదాషెవ్ డ్రెస్సింగ్ రూముకు చేరకముందే కుప్పకూలాడు. మెదడుకు శస్త్రచికిత్స చేసినా, నాలుగు రోజులకు 28 ఏళ్ల వయసులో మరణించాడు. సరైన నిర్ణయం తీసుకోవడం వేరు, అది సకాలంలో అందడం వేరు.

సరిగ్గా ఆ మరుసటి నెలలోనే రష్యా నగరం చెల్యాబిన్స్క్‌లో ఆయన మరో శిష్యుడు సెర్గీ కొవలెవ్ కార్నర్‌లో నిలబడ్డారు. 8వ రౌండులో ఆంథొనీ యార్డ్ దెబ్బలకు కొవలెవ్ తూలిపోయాడు. మెక్‌గర్ట్ ఈసారి పోటీని సాగనిచ్చారు. 11వ రౌండులో యార్డ్ నాకౌట్ అయ్యాడు.