హాబ్స్‌బర్గ్‌లు మిగిల్చింది ఏమిటి: మేనరికాలా, పాలనా?

గోదారిగట్టు:
ఆరు శతాబ్దాలకు పైగా యూరప్‌లో చక్రం తిప్పారని ఆస్ట్రియా రాజవంశమైన హాబ్స్‌బర్గ్‌లను తెగ పొగుడుతుంటారు. నాకు మాత్రం అది సంబంధాలు కలుపుకోవడంలో ఆరితేరిన ఒక కుటుంబం కథే. 1477లో ఈ వంశపు మాక్సిమిలియన్ బర్గండీ వారసురాలు మేరీని చేసుకుంటే నెదర్లాండ్స్ వచ్చింది. 1496లో కొడుకు ఫిలిప్‌కి స్పెయిన్ రాకుమారి హువానా. మనవడు ఐదో చార్లెస్ కాలానికి అమెరికా వెండి కూడా ఇంట్లోకే. ఆస్తి బయటికి పోకూడదని తర్వాత మేనరికాలు మొదలెట్టారు. స్పెయిన్ రెండో చార్లెస్ అమ్మానాన్నలు స్వయానా మేనమామ, మేనకోడలు! ఆయన 1700లో పిల్లల్లేకుండా పోతే, ఆ సింహాసనం కోసం 1714 దాకా యూరప్ కొట్టుకుంది. ఇంతకన్నా ఏం మిగిల్చారు?

ప్రాగ్‌వాసి:
మా గుమ్మం పక్కన రెండు పలకలున్నాయి గట్టు గారూ. నీలం పలక మీద వీధి వరుస నంబరు, ఎర్ర పలక మీద ఇంటి నంబరు. ఈ ఎర్ర నంబర్ల పద్ధతి 1770లో ఈ వంశపు రాణి మరియా థెరీసా మొదలుపెట్టిందే. 1774లో పిల్లలందరికీ బడి తప్పనిసరి చేసింది. 1781లో ఆమె కొడుకు రెండో జోసెఫ్, దొర అనుమతి లేకుండా పెళ్లి చేసుకునే, ఊరు మారే హక్కు బొహీమియా (ప్రాగ్ ఉన్న మా ప్రాంతం) రైతుకి ఇచ్చాడు. ఇవి పెళ్లిపందిట్లో దొరికినవి కావు కదా.

ఉప్పుచేప:
ఇళ్లకి నంబర్లు వేసింది సైన్యంలోకి మగవాళ్లను లెక్కగట్టి లాక్కోవడానికి. ఆ సంగతి వదిలేశారేం? రైతు వెట్టి కూడా 1848 దాకా పోలేదు. 1621లో మీ ప్రాగ్ పాతబస్తీ చౌకులోనే తిరుగుబాటుదారులు 27 మందిని చంపించింది ఈ వంశమే.

ప్రాగ్‌వాసి:
కాదనను. ఆ 27 మందికీ నేల రాళ్లలో తెల్ల శిలువలు పొదిగి ఉన్నాయి, వాటి మీదుగానే టూరిస్టులు నడిచిపోతుంటారు. కానీ దేనికోసం మొదలెట్టినా, లెక్క రాయడం అలవాటైన సర్కారు తర్వాత బడి పిల్లల్ని కూడా లెక్కబెట్టింది.

గోదారిగట్టు:
సరే, నంబర్లు ఒప్పుకున్నా. అసలు ప్రాగ్ వాళ్ల చేతికెలా వచ్చింది? కుండమార్పిడి! ఐదో చార్లెస్ తమ్ముడు ఫెర్డినాండ్ చెల్లెల్ని బొహీమియా, హంగరీల రాజు లూయీకి, లూయీ అక్క ఫెర్డినాండ్‌కి. 1526లో మోహాచ్ యుద్ధంలో లూయీ పోగానే బొహీమియా, హంగరీ కిరీటాలు బావగారికి.

ప్రాగ్‌వాసి:
హహ, అది నిజమే. ఇక్కడివాళ్లకే ఇంకా తేలలేదండీ. ఆ చౌకులోనే మేరీమాత స్తంభం ఉండేది. హాబ్స్‌బర్గ్‌ల గుర్తని 1918 నవంబరులో జనం తాళ్లు కట్టి పడగొట్టారు. 2020లో మళ్లీ నిలబెట్టారు. అప్పుడూ గొడవే.