నలుగురు రాసే కోడ్‌కి ఆర్కిటెక్చర్ డాక్యుమెంట్ అవసరమా?

బగ్గుబాబు:
మేం నలుగురం. ప్రాడక్ట్ మొదలుపెట్టి ఆరు నెలలైంది, వాడేది ఒకే ఒక్క కస్టమర్. రెండు వారాలు కోడింగ్ ఆపి, సిస్టమ్ మొత్తం ఎలా కట్టాలో చెప్పే ఆర్కిటెక్చర్ డాక్యుమెంట్ రాద్దామంటున్నాడు మా లీడ్. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. మీరైతే ఏం చేస్తారు?

సెమికోలన్:
రాయొద్దు. మేం ఒకచోట అరవై పేజీలు రాశాం. మూడో నెలకల్లా కోడ్ దారి కోడ్‌ది, డాక్యుమెంట్ దారి డాక్యుమెంట్‌ది. కొత్తగా చేరినవాళ్లు దాన్ని నమ్మి దెబ్బతిన్నారు. అది లేకపోతే కనీసం కోడ్ చదివేవాళ్లు.

పాతకాపు:
మేమూ ఒక్క కస్టమర్‌తోనే మొదలెట్టాం. ఈ రికార్డు ఏ కస్టమర్‌దో చెప్పే కాలమ్ ఏ టేబుల్‌లోనూ లేదు. రెండో కస్టమర్ వచ్చాడు. కాలమ్ చేర్చడం అరపూట పని. డేటా అడిగే ప్రతి క్వెరీలో, ప్రతి రిపోర్టులో, రాత్రి నడిచే జాబుల్లో 'ఈ కస్టమర్‌వి మాత్రమే' అన్న షరతు పెట్టడానికి నెలలు పట్టింది. ఒక్క క్వెరీలో మర్చిపోయాం. ఒకరి ఇన్వాయిస్‌లు ఇంకొకరి స్క్రీన్ మీద కనిపించాయి. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.
బటన్ ఎక్కడుండాలో రేపైనా మార్చుకోవచ్చు. డేటా ఎలా దాస్తాం, డబ్బుని ఫ్లోట్‌లో (దశాంశాల్ని సుమారుగా దాచే రకం) పెడతామా పూర్ణాంకంలోనా, బయటివాళ్ల ప్రోగ్రాములు మనదానితో మాట్లాడడానికి ఏ ఏపీఐ ఇస్తాం... ఇవి మార్చాలంటే ప్రాణం మీదికొస్తుంది. వీటికైతే ముందే కూర్చోవాలి, ఇద్దరే ఉన్నా సరే.

నల్లతెర:
టీములు పెరిగినా కూర్చోవాల్సిందే. 1999లో నాసా తన అంగారక నౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌ని పోగొట్టుకుంది రెండు సాఫ్ట్‌వేర్‌లు కలిసే అతుకు దగ్గరే. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-ఫోర్స్ సెకన్లలో లెక్క ఇస్తే, రెండోది వాటిని మెట్రిక్ కొలతైన న్యూటన్ సెకన్లనుకుంది.

సెమికోలన్:
మెట్రిక్‌లోనే ఇవ్వాలని ఆ ఇంటర్‌ఫేస్ స్పెసిఫికేషన్‌లో రాసే ఉందండీ! కాగితం ఉంది, దాన్ని కోడ్‌తో సరిచూసిన టెస్ట్ లేదు. నేననేదీ అదే.

పాతకాపు:
సరే, అక్కడ మీరే కరెక్ట్. అరవై పేజీలు నాకూ వద్దు. 2011లో మైకేల్ నైగార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్ చెప్పిన పద్ధతి చాలు: ఒక్కో నిర్ణయానికి ఒకటి రెండు పేజీలు. పరిస్థితి ఏంటి, ఏం తేల్చుకున్నాం, దానివల్ల ఏం భరించాలి. అది కోడ్ పక్కనే రిపోజిటరీలో ఉండాలి.

బగ్గుబాబు:
లీడ్‌తో మాట్లాడా. రెండు వారాలు కాదు, రెండు రోజులకి ఒప్పుకున్నాడు. ఇందాకే మా ఇన్వాయిస్ టేబుల్ తెరిచి చూశా. ఆ కాలమ్ మాకూ లేదు.